హాంకాంగ్ ట్రిప్‌లో మకావు కలుపుకోవాలనుకుంటే: అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి

మీరు అడిగినవి మూడు. నవంబర్‌లో హైదరాబాద్ నుంచి అబ్బాయితో, అమ్మానాన్నలతో హాంకాంగ్ ఐదు రోజులు వస్తున్నారు, అందులో ఒక రోజు పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేలా మకావు (హాంకాంగ్ నుంచి సముద్రం దాటితే వచ్చే చిన్న ఊరు, కాసినోలకి పేరు) చూసెయ్యచ్చా అని, వీసా సంగతేంటి అని, డెబ్బై దాటిన అమ్మానాన్నలు ప్యూర్ వెజ్, వాళ్ళు నడవగలరా తినగలరా అని. నేను హాంకాంగ్‌లోనే ఉంటాను, ఊరి నుంచి ఎవరొచ్చినా మకావు తిప్పే డ్యూటీ నాదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క రోజు సంగతి. పెళ్ళికాని కుర్రాళ్ళు నలుగురు కలిసి వెళ్తే ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు, పెద్దవాళ్ళతో వద్దు. హోటల్ నుంచి బయల్దేరి ఇక్కడ ఇమిగ్రేషన్, మళ్ళీ అక్కడ ఇమిగ్రేషన్, సాయంత్రం అదే తంతు రివర్స్‌లో, అంటే రోజుకి నాలుగు సార్లు క్యూలో నిలబడాలి, మధ్యలో మీకు మిగిలేది నాలుగైదు గంటలు, అందులో ఒక చర్చి గోడ ముందు ఫోటో, ఒక కాసినో హోటల్లో పడవ ముందు ఫోటో, అంతే. "మకావులో ఏముందండీ, ఏమీ లేదు" అని తిరిగొచ్చి చెప్పేవాళ్ళంతా ఇలా వెళ్ళినవాళ్ళే. కనీసం ఒక రాత్రి ఉండండి, కుదిరితే రెండు. అది కూడా ట్రిప్ మధ్యలో కాదు, చివర్లో పెట్టుకోండి, ఎందుకో కింద చెప్తాను.

వీసా విషయంలో అందరూ కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. మకావుకి ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వీసా అక్కర్లేదు, 30 రోజుల దాకా ఉండచ్చు. స్టాంప్ కూడా వెయ్యరు, చిన్న కాగితం స్లిప్ ఒకటి ఇస్తారు, దాని మీద ఎప్పటిదాకా ఉండచ్చో రాసుంటుంది, దాన్ని పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకోండి, హోటల్ చెకిన్‌లో అడగచ్చు. అసలు పని ఉండేది హాంకాంగ్‌తో. 2017 జనవరి నుంచి ఇండియన్స్ హాంకాంగ్‌లో దిగాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, అందరూ పార్ అంటారు. ఇది ఫ్రీ. హాంకాంగ్ ప్రభుత్వ సైట్‌లోనే చెయ్యండి, గూగుల్‌లో పైన కనబడే వాటిల్లో డబ్బులు అడిగేవి ఏజెంట్ల సైట్లు. రిజల్ట్ అప్పటికప్పుడే వస్తుంది, వచ్చిన స్లిప్‌ని తెల్ల ఏ ఫోర్ కాగితం మీద ప్రింట్ తీసి ఉంచుకోవాలి, హైదరాబాద్ చెకిన్ కౌంటర్లోనే అది చూపించమంటారు. మనిషికి ఒకటి, పిల్లలకి కూడా విడిగా. ఒకసారి చేస్తే ఆరు నెలలు పనికొస్తుంది, ఎన్నిసార్లయినా రావచ్చు, వచ్చిన ప్రతిసారీ 14 రోజుల దాకా ఉండచ్చు. అందుకే మకావు వెళ్ళి మళ్ళీ హాంకాంగ్ వస్తే ఇంకో రిజిస్ట్రేషన్ చెయ్యాలా అన్న భయం అక్కర్లేదు.

మన తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అమ్మగారి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉండచ్చు, నాన్నగారిది ఇంటిపేరు పూర్తిగా విడదీసి ఉండచ్చు. టికెట్ మీద ఒకలా, పార్‌లో ఒకలా ఉంటే కౌంటర్లో తలనొప్పి. పాస్‌పోర్ట్‌లో ఏ గడిలో ఏముందో అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టండి, మీరు సొంతంగా సర్దకండి. తర్వాత పాస్‌పోర్ట్ మారితే ఆ పార్ చెల్లదు, కొత్తగా చెయ్యాలి. ఎవరికైనా రిజిస్ట్రేషన్ రిజెక్ట్ అయితే మామూలు వీసాకి అప్లై చెయ్యాలి, దానికి వారాలు పడుతుంది, అందుకని టికెట్లు కొనకముందే ఈ పని చేసేసుకోండి.

హాంకాంగ్ గొడవే వద్దనుకుంటే బ్యాంకాక్ నుంచో కౌలాలంపూర్ నుంచో ఎయిర్ ఏషియాలో నేరుగా మకావు దిగచ్చు, ఎయిర్‌పోర్ట్ టైపా దీవి మీదే, హోటల్ పది నిమిషాలు. మీరు ఎలాగూ హాంకాంగ్ చూస్తున్నారు కాబట్టి అది మీకు కాదు.

ఇప్పుడు దాటడం. రెండు దార్లు, ఫెర్రీ, వంతెన బస్సు. ఫెర్రీ గంట పడుతుంది, హాంకాంగ్ ఊళ్ళో షుంగ్ వాన్ నుంచి ఎక్కితే మకావు ఊళ్ళోనే దింపుతుంది, లేదా టైపా టెర్మినల్‌కి వెళ్ళేది కూడా ఉంది. కానీ గాలి ఉన్న రోజు ఊగుతుంది, సీట్ల జేబుల్లో వాంతి కవర్లు ఊరికే పెట్టరు కదా. రేటు కూడా బస్సు కంటే రెండున్నర రెట్లు పైనే, వీకెండ్ ఇంకా ఎక్కువ. అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి నేను బస్సే చెప్తాను. 2018 అక్టోబర్‌లో ఓపెన్ చేసిన వంతెన, మొత్తం కలిపి 55 కిలోమీటర్లు, మధ్యలో 6.7 కిలోమీటర్లు సముద్రం అడుగున టన్నెల్. గోల్డ్ బస్ అని షటిల్ ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంది, పగలు 65 హాంకాంగ్ డాలర్లు, అర్ధరాత్రి దాటాక 70, నలభై నిమిషాల్లో అవతల పోర్ట్. పెద్దవాళ్ళకీ చిన్న పిల్లలకీ సగం టికెట్ ఉంటుంది, కౌంటర్లో అడిగి తీసుకోండి, మెషీన్ దగ్గర కంగారు పడొద్దు. మీ అబ్బాయికి ఒకటి చూపించండి, హాంకాంగ్‌లో మనలాగే ఎడమ వైపు నడుపుతారు, వంతెన మీదకి వచ్చేసరికి బండ్లన్నీ కుడి వైపుకి మారిపోతాయి, మకావులో మళ్ళీ ఎడమ.

ఈ బస్సు ఊళ్ళోంచి ఉండదు, హాంకాంగ్ పోర్ట్ అని ఎయిర్‌పోర్ట్ పక్కన కట్టిన బిల్డింగ్ నుంచి ఎక్కాలి. ఊళ్ళోంచి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే, A అక్షరంతో మొదలయ్యే నంబర్ల బస్సులు చాలావరకు అక్కడ ఆగుతాయి. లోపలికి వెళ్ళాక హాంకాంగ్ ఇమిగ్రేషన్ దాటి బయటికొస్తే బస్సు క్యూలు రెండు ఉంటాయి. ఒకటి మకావుకి, ఒకటి ఝుహాయ్‌కి. ఝుహాయ్ అంటే చైనా, మీ దగ్గర చైనా వీసా లేదు. టికెట్ కొనేటప్పుడూ క్యూలో నిలబడేటప్పుడూ మకావు అని రెండు సార్లు కన్ఫర్మ్ చేసుకోండి, చైనా టూర్ గ్రూపులు జెండా పట్టుకుని ఒక్కసారిగా తోసుకొస్తే ఏ క్యూ ఏదో తెలీదు, వాళ్ళ వెనకాల మాత్రం పోకండి. సామాను మోసేవాళ్ళు ఉండరు, మీ సూట్‌కేసులు మీరే బస్సులో రాక్‌లో పెట్టుకోవాలి, అవతల మీరే దించుకోవాలి. చక్రాల కుర్చీ కావాలంటే లిఫ్టులూ ర్యాంపులూ అన్నిచోట్లా ఉన్నాయి, నేల అంతా నున్నగా ఉంటుంది, నడక మాత్రం ఎక్కువే.

చివర్లో పెట్టుకోమన్నది ఇందుకే. పోర్ట్ ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉంది కాబట్టి మకావు నుంచి వచ్చి ఊళ్ళోకి పోకుండా బి ఫోర్ బస్సు ఎక్కితే కొద్ది నిమిషాల్లో ఎయిర్‌పోర్ట్ టెర్మినల్. కాథే డైరెక్ట్ ఫ్లైట్ అయినా, ఇంకేదైనా కనెక్షన్ అయినా, టేకాఫ్‌కి ఐదు గంటల ముందు మకావు హోటల్ ఖాళీ చేస్తే సుఖంగా ఉంటుంది. సామాను రెండు సార్లు ఊళ్ళోకి లాగే పని తప్పుతుంది.

మకావు గురించి ఒక్క ముక్క. మొత్తం కలిపి 33 చదరపు కిలోమీటర్లు, అందులో సముద్రాన్ని పూడ్చినదే చాలా. మన యానాం ఫ్రెంచ్‌వాళ్ళ కింద ఉన్నట్టు ఇది 1999 డిసెంబర్ 20 దాకా పోర్చుగీసువాళ్ళ కింద ఉండేది. ఉత్తరాన పాత ఊరు, అక్కడే చర్చిలూ గుళ్ళూ. దక్షిణాన టైపా, కొలోవాన్ అని ఒకప్పుడు రెండు దీవులు, వాటి మధ్య సముద్రం పూడ్చేసిన చోటు కొతాయ్, పెద్ద పెద్ద కాసినో హోటళ్ళన్నీ అక్కడే.

ఎక్కడ దిగాలి అంటే మీకు కొతాయ్. నాకు పర్సనల్‌గా పాత ఊరే ఇష్టం, కానీ అక్కడ హోటల్ రూములు ఇరుకు, వీధులు ఎత్తుపల్లాలు, నేలంతా చిన్న రాళ్ళు పరిచి ఉంటుంది, సూట్‌కేసు చక్రాలు దాని మీద దడదడలాడతాయి. కొతాయ్‌లో రూములు పెద్దవి, ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి ఏసీలోనే నడిచి వెళ్ళిపోవచ్చు, నాన్నగారికి మోకాళ్ళు నొప్పెడితే ఎక్కడైనా కూర్చోవచ్చు. రేట్లు శుక్ర, శనివారాల్లో రెట్టింపు దాకా పోతాయి, అదే హోటల్ మంగళ, బుధవారాల్లో సగానికి దొరుకుతుంది. బుకింగ్ సైట్‌లో కనబడిన రేటు మీద 10 శాతం సర్వీస్ చార్జి, 5 శాతం టూరిజం టాక్స్ పడతాయి, కలిపి చూపిస్తోందో లేదో చూసుకోండి. మీరు నవంబర్ అన్నారు, వాతావరణానికి అంతకంటే మంచి నెల లేదు, చెమట లేదు, వాన తక్కువ. కానీ నెల మధ్యలో మకావు గ్రాండ్ ప్రి ఉంటుంది, 1954 నుంచి జరుగుతోంది, రేసు మామూలు ఊరి రోడ్ల మీదే. ఆ నాలుగైదు రోజులు ఫెర్రీ టెర్మినల్ వైపు రోడ్లు మూసేస్తారు, బస్సు రూట్లు మారిపోతాయి, హోటళ్ళు నిండిపోతాయి. ఆ డేట్లు చూసుకుని తప్పించండి. ఇంకెవరైనా ఇది చదువుతుంటే అక్టోబర్ 1 వారం, మే 1, చైనీస్ న్యూ ఇయర్ కూడా వద్దు, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చే జనంతో పాత ఊళ్ళో అడుగు కదలదు.

డబ్బుల సంగతి సింపుల్. వాళ్ళ కరెన్సీ పటాకా, 100 హాంకాంగ్ డాలర్లు అంటే 103 పటాకాలు. హాంకాంగ్ డాలర్లు అంతటా ఒకటికి ఒకటి తీసుకుంటారు, ఆ మూడు శాతం నష్టం చిన్న ఖర్చుల్లో పట్టించుకోనక్కర్లేదు. తిరగేసి మాత్రం పని చెయ్యదు, పటాకాలు హాంకాంగ్ షాపుల్లో తీసుకోరు, అందుకని చిల్లరగా వచ్చిన పటాకాలన్నీ అక్కడే బస్సులకీ నీళ్ళ బాటిళ్ళకీ ఖర్చు పెట్టేయండి. యూపీఐ మీద ఆశ పెట్టుకోకండి. హోటళ్ళలో, మాల్స్‌లో క్రెడిట్ కార్డు నడుస్తుంది, చిన్న కొట్లలో క్యాష్, లేదంటే చైనావాళ్ళ క్యూఆర్ కోడ్‌లు. కార్డు ఇంటర్నేషనల్‌కి ఆన్ చేసి పెట్టుకోండి. లోకల్ బస్సు ఎంత దూరమైనా 6 పటాకాలు, డ్రైవర్ పక్కన డబ్బాలో వెయ్యాలి, పది వేస్తే నాలుగు తిరిగి రావు. బ్రిడ్జి పోర్ట్ నుంచీ ఫెర్రీ టెర్మినల్ నుంచీ పెద్ద హోటళ్ళ ఫ్రీ బస్సులు ఉంటాయి, మీ హోటల్ది రాకపోతే పక్క హోటల్ది ఎక్కండి, ఎవరూ అడగరు. లైట్ రైల్ కూడా ఉంది, 2023 డిసెంబర్ నుంచి పాత ఊరి చివర బారా దాకా వస్తోంది, కొతాయ్ నుంచి అమా గుడికి దాని మీద వెళ్ళడం ఇప్పుడు చాలా ఈజీ. ఊబర్ లేదు. టాక్సీ డ్రైవర్లకి ఇంగ్లీష్ పెద్దగా రాదు, వెళ్ళాల్సిన చోటు పేరు చైనీస్‌లో ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, హోటల్ కార్డు ఒకటి జేబులో ఉంచండి.

నిజంగా దారి తెలీక ఇరుక్కుంటే హోటల్ గుమ్మాల్లో నిలబడ్డ సెక్యూరిటీ వాళ్ళని చూడండి, చాలామంది నేపాలీలు, హిందీ బాగా వస్తుంది, అమ్మగారితో ఐదు నిమిషాలు కబుర్లు కూడా చెప్తారు.

పాత ఊరు ఎలా చూడాలి అన్నదానికి నా దగ్గర ఒక పద్ధతి ఉంది. అందరూ పాత ఊరి నడిబొడ్డున సెనాడో స్క్వేర్ దగ్గర దిగి, తోసుకుంటూ పైకి నడిచి, సెయింట్ పాల్ చర్చి ముందున్న 68 మెట్లు ఎక్కి ఆయాసపడతారు. మీరు తిరగేయండి. పొద్దున తొమ్మిది లోపే టాక్సీలో సెయింట్ ఆంటోనీ చర్చి దగ్గర దిగండి, అక్కణ్ణుంచి నాచా గుడి వైపు సందులో కొద్దిగా నడిస్తే ఆ మెట్లు ఎక్కకుండానే పైన ఆ రాతి గోడ పక్కన తేలతారు. గోడే అది, ముందు భాగం ఒక్కటే మిగిలింది, మిగతా చర్చి అంతా 1835లో తుఫాను రోజు నిప్పంటుకుని కాలిపోయింది. తొందరపడి ఫోటో తీసి దిగిపోకండి, దగ్గరికి వెళ్ళి తలెత్తి చూడండి, ఒకచోట ఏడు తలల డ్రాగన్ మీద మేరీ మాత నిలబడి ఉంటుంది, పక్కన చైనీస్ అక్షరాలు, చైనా సింహాలు, ఒక పోర్చుగీసు ఓడ. చెక్కినవాళ్ళలో జపాన్ నుంచి పారిపోయి వచ్చిన క్రైస్తవులు కూడా ఉన్నారు. పక్కన ఎస్కలేటర్ ఎక్కితే మ్యూజియం, దాని పైన మోంటే కోట, పాత ఫిరంగులు ఎటు చూస్తున్నాయో అటు ఇప్పుడు బంగారు రంగు కాసినో టవర్ కనబడుతుంది. మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. అక్కణ్ణుంచి అంతా దిగుడే, బిస్కెట్ల వీధి మీదుగా సెనాడో స్క్వేర్‌కి, మోకాళ్ళకి ఇబ్బంది లేదు, మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుంటే చాలు.

ఆ బిస్కెట్ల వీధిలో గుమ్మం గుమ్మానికీ ట్రే పట్టుకుని రుచి చూడమని చేతిలో పెట్టేస్తారు. బాదం బిస్కెట్ అనుకుని అమ్మగారు నోట్లో వేసుకునేలోపు ఆపండి, కొన్నిట్లో మధ్యలో పంది మాంసం తురుము ఉంటుంది, చూడ్డానికి తేడా తెలీదు. పక్కన ఎర్రగా పలకల్లా కత్తెరతో కోసి ఇచ్చేది అచ్చంగా మాంసమే, మన మామిడి తాండ్ర కాదు.

మధ్యాహ్నం బారా వైపు వెళ్ళండి. అమా గుడి, సముద్రం మీద పోయేవాళ్ళని కాపాడే అమ్మవారు, పోర్చుగీసువాళ్ళు రాకముందు నుంచీ ఉంది, కొండకి ఆనించి అంచెలంచెలుగా ఉంటుంది, గోపురంలా పైనుంచి వేలాడే అగరుబత్తి చుట్టలు రోజుల తరబడి కాలుతుంటాయి. అమ్మగారు దణ్ణం పెట్టుకోకుండా రారు, చూడండి. దానికి కొంచెం పైన మూరిష్ బ్యారక్స్ అని పసుపు పచ్చ, తెలుపు రంగుల్లో ఆర్చీల వరండా ఉన్న బిల్డింగ్, 1874లో గోవా నుంచి తెప్పించిన ఇండియన్ సిపాయిల కోసం కట్టారు. ఇప్పుడు ఆఫీసు, లోపలికి రానివ్వరు, వరండా దాకా వెళ్ళచ్చు. ప్రపంచ వారసత్వ జాబితాలో 2005లో చేరిన చోట్లలో అదీ ఒకటి, అయినా దాని ముందు నుంచే టూరిస్టులు బస్సుల్లో దాటిపోతుంటారు.

తిండి. ఇదే మీకు పెద్ద సమస్య అనుకుంటున్నారు గానీ ప్లాన్ చేస్తే పెద్దదేం కాదు. కొతాయ్‌లో వెనీషియన్ లోపల గోల్డెన్ పీకాక్ అని ఇండియన్ రెస్టారెంట్ ఉంది, ఒకప్పుడు మిషెలిన్ స్టార్ అందుకున్నది, ఖరీదే, ఒక పూట చాలు. పాత ఊళ్ళోనూ టైపాలోనూ మామూలు ఇండియన్ హోటళ్ళు కొన్ని ఉన్నాయి, మ్యాప్‌లో చూసుకుని వెళ్ళే ముందు తెరిచుందో లేదో ఫోన్ చెయ్యండి, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా చాలావరకు మూసేస్తారు. చైనీస్ హోటల్లో వెజిటేరియన్ అంటే సరే అంటారు, కూరగాయల మీద ఆయిస్టర్ సాస్ పోసి తెస్తారు, వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు, పంది కొవ్వు వద్దు అని ఐదూ రాసి చూపించండి. బౌద్ధుల శాకాహారం హోటళ్ళు ఉన్నాయి, వాటిల్లో ఆ భయం లేదు, అయితే బాతు ఆకారంలో సోయా ముక్క తెచ్చి పెడతారు, నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. పులిహోర పొడి, ఉప్మా మిక్స్, ఆవకాయ చిన్న సీసా చెకిన్ బ్యాగ్‌లో పెట్టుకోండి, రూమ్‌లో కెటిల్ ఎలాగూ ఉంటుంది. ట్రావెల్ కుక్కర్ తెస్తే పొగ అలారం సంగతి గుర్తుంచుకోండి, పోపు మాత్రం పెట్టకండి. ప్లగ్గులు హాంకాంగ్‌లో లాగే మూడు చదరపు పిన్నులవి, ఒకే అడాప్టర్ రెండు చోట్లా సరిపోతుంది.

మీరూ పిల్లాడూ గుడ్డు తింటారన్నారు కాబట్టి రెండో రోజు పొద్దున కొలోవాన్ వెళ్ళండి. కొతాయ్ నుంచి 26ఏ బస్సు. చిన్న ఊరు, పసుపు రంగు చర్చి, దాని ముందు అరుగులు, ఎదురుగా సన్నటి నీళ్ళపాయ, అవతలి గట్టు చైనా. అక్కడ లార్డ్ స్టోస్ బేకరీ, ఒక ఇంగ్లీషాయన 1989లో మొదలుపెట్టాడు, ఎగ్ టార్ట్ ఈ ఊరికి పేరు తెచ్చింది ఆ కొట్టే. పొయ్యి లోంచి తీసిన వెంటనే తినాలి, పైన నల్లగా మాడిన మచ్చలు ఉంటాయి, మాడిపోయిందని వెనక్కి ఇచ్చెయ్యకండి, అదే దాని రుచి. అంచు పొరలు పొరలుగా రాలిపోతుంది, లోపలి క్రీము నాలుక కాలేంత వేడి. ఒకటి కొని పంచుకుందాం అనుకుంటారు, కుదరదు. ఒక జాగ్రత్త, ఈ వైపు ఫోన్ చైనా టవర్ పట్టేసుకుంటుంది, ఉన్నట్టుండి నెట్ ఆగిపోవచ్చు లేదా రోమింగ్ బిల్లు పడచ్చు. నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి మకావుది చేత్తో సెలెక్ట్ చేసుకోండి. సిమ్ కొనేటప్పుడే హాంకాంగ్, మకావు రెండిటికీ పనికొచ్చేది అడగండి, ఉత్త హాంకాంగ్ సిమ్ చాలావాటికి వంతెన దాటగానే పని అయిపోతుంది.

సాయంత్రం కొతాయ్‌లో దీపాలు చూడటానికి పైసా ఖర్చు లేదు. పారిసియన్ ముందు సగం సైజు ఈఫిల్ టవర్, విన్ ప్యాలెస్ ముందు చెరువులో పాటలకి ఆడే ఫౌంటెన్, దాని మీదుగా పోయే కేబుల్ కార్. వెనీషియన్‌లో పైకప్పు మీద పెయింట్ చేసిన ఆకాశం కింద కాలువలో పడవలు, టికెట్ కొని ఎక్కక్కర్లేదు, గట్టు మీద నిలబడితే పడవ నడిపేవాళ్ళ పాట ఫ్రీగా వినచ్చు. కాసినో లోపలికి 21 ఏళ్ళు నిండినవాళ్ళకే, పాస్‌పోర్ట్ అడగచ్చు, ఫోటోలు తియ్యకూడదు. అబ్బాయితో ఉన్నప్పుడు కాసినో హాల్ అడ్డంగా దాటేసి లిఫ్ట్ దగ్గరకి పోదాం అనుకోకండి, ఆపేస్తారు, చుట్టూ తిరిగి వెళ్ళే దారి బోర్డులు ఉంటాయి. ఆడాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేను మాత్రం ఆ హాల్లో గడియారం, కిటికీ ఎక్కడున్నాయో వెతకమంటాను మా చుట్టాలని.

ఇంకా చిన్నవి. మీతో వచ్చేవాళ్ళలో ఎవరైనా వేప్ కాలిస్తే ఇంట్లోనే వదిలేసి రమ్మనండి, మకావులోకి ఇ-సిగరెట్లు తీసుకురావడమే నిషేధం, 2022 డిసెంబర్ నుంచి. వేసవిలో, వానాకాలంలో వచ్చేవాళ్ళు తుఫాను సిగ్నల్ చూసుకోవాలి, ఎనిమిదో నంబర్ ఎగరేస్తే ఫెర్రీలు ఆగిపోతాయి, ఊరి వంతెనలు మూసేస్తారు. 2018లో మాంఖుట్ తుఫానుకి కాసినోలే మూసేశారు. మీరొచ్చే నవంబర్‌లో ఆ బాధ తక్కువ. పార్ అయ్యాక ఎవరిదైనా పేరు దగ్గర డౌట్ ఉంటే పాస్‌పోర్ట్ నంబర్ పెట్టకుండా, ఏ గడిలో ఏముందో మాత్రం రాయండి, చూసి చెప్తాను.